హెలికాప్టరు నుంచి వదిలిన మూట

శేషగిరిరావు గారిది తాడేపల్లిగూడెం. ఆయన అన్నదమ్ములంతా అక్కడి మార్కెట్లో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారంలో ఉన్నారు. ఈయన ఒక్కరే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఇరవై ఆరేళ్ళుగా అక్కణ్ణుంచి రోజూ రైల్లో వచ్చి, ఏలూరు పక్కన వట్లూరులోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నారు. నేను అదే కాలేజీలో బోటనీ లెక్చరర్‌ని. స్టాఫ్‌రూమ్‌లో ఆయన పక్క కుర్చీ నాది. ఇక్కడ రాస్తున్నది ఆయన నాకు మూడు నాలుగు విడతలుగా, మధ్యమధ్య ఆగిపోతూ చెప్పిన సంగతి. కొంత ఆయన స్టూడెంట్ ఇందుజ చెప్పింది.

చిన్నప్పుడు ఆయన గూడ్స్ షెడ్డు నుంచి మార్కెట్‌కి బస్తాలు తెచ్చే లారీ మీద ఎక్కి కూర్చునేవారట. దారి పొడుగునా ఒక్కో ఉల్లిపాయా కిందికి వదులుతూ ఎక్కడ పడుతుందో చూసేవారు. వదిలిన చోట పడేది కాదు. లారీతోపాటు కొంచెం ముందుకొచ్చి పడేది. ఎందుకలా అని వాళ్ళ నాన్నగారిని అడిగితే వీపు విమానం మోత మోగిందట. "జవాబు ఇంటర్లో దొరికిందండీ. అప్పటికి ఎన్ని ఉల్లిపాయలు పోయాయో," అని నవ్వేవారు.

ఆ ఇష్టం కొద్దీ ఆయన ఫస్టియర్ పిల్లలకి కదిలే వస్తువుల మీంచి జారవిడిచే వాటి లెక్కలు వారం రోజులు చెప్పేవారు. పైకి లేస్తున్న బెలూన్ నుంచి రాయి వదిలారు. అడ్డంగా ఎగిరే విమానం నుంచి మూట వదిలారు. మూట ఎంత దూరంలో పడుతుంది, నేలను ఎంత వేగంతో తాకుతుంది, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్రతి ఏడాదీ సగం క్లాసు తొలివేగం సున్నా అని రాసేది. "వదిలారు అంటే ఆగిందని కాదమ్మా. చేతిలోంచి జారిన క్షణంలో దానికి విమానం వేగమే ఉంటుంది. అది దానికి తెలియకపోయినా ఉంటుంది," అనేవారు. ఈ ముక్క ఆయన ఎన్నిసార్లు చెప్పారో పక్క గదిలో పాఠం చెప్పే నాకు తెలుసు.

ఇందుజ ఆ ఏడాది ఫస్టియర్. కొల్లేటి లంకల్లో తాటివాకలంక అనే ఊరి పిల్ల. ఊరి బడిలో తెలుగు మీడియం చదివి, పదో తరగతిలో మండలానికి రెండోదిగా వచ్చింది. మా దగ్గర ఇంగ్లీషు మీడియం. వారం వారం టెస్టులు, మార్కులనుబట్టి సెక్షన్లు. ఆగస్టులో జరిగిన టెస్టులో ఆ విమానం లెక్కే వచ్చింది. ఇందుజ కూడా తొలివేగం సున్నా అనే రాసింది. తర్వాత లెక్కంతా అందంగా, కొట్టివేతలు లేకుండా చేసింది గానీ, మొదలే తప్పు కాబట్టి సున్నా మార్కులు పడ్డాయి. సోమవారం నోటీసు బోర్డులో ఆ పిల్ల పేరు ఏ సెక్షన్ లోంచి సీ సెక్షన్ లోకి మారింది. ఆ వారాంతంలో హాస్టల్ నుంచి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు.

పిల్లలు పది రోజులు రాకపోతే లెక్చరర్లే ఇంటికెళ్ళి తీసుకురావాలని మా కాలేజీలో రూలు. ఒక్కొక్కరికీ పదిహేను మంది పిల్లల్ని అప్పగిస్తారు. ఇందుజ శేషగిరిరావు గారి వంతు. సెప్టెంబరు మొదట్లో ఒక శనివారం ఆయన బయలుదేరారు. ఎగువన నాలుగు రోజులుగా వానలు పడుతున్నాయని పేపర్లో ఉంది గానీ, ఏలూరులో ఎండ కాస్తోంది. సాయంత్రం బండికి వచ్చేస్తానని భార్య జగదాంబ గారికి ఫోన్లో చెప్పారు.

బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి ఆయన లంకకి చేరేసరికి పదకొండు. ఇందుజ తండ్రి సత్తిబాబు ఎదురొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడు. బక్కగా, పొడుగ్గా ఉండే మనిషి. వాళ్ళకున్న ఎకరన్నర వరిచేను చేపల చెరువైపోయి ఎవరికో లీజులో ఉంది. తన చేనే అయిన ఆ చెరువులో, పక్క చెరువుల్లో దోనె మీద తిరుగుతూ చేపలకి మేత వెయ్యడం అతని పని. భార్య లక్ష్మీదుర్గ టీ తెచ్చింది. ఇందుజ తలుపు వెనక నిలబడింది.

"మీరు ఇంత దూరం రావడమేంటండి మాస్టారూ. కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం కదండీ," అన్నాడు సత్తిబాబు.

"పిల్ల ఎందుకు రావట్లేదండీ?"

"ఏమోనండి. అడిగితే ఏడుస్తది. ఏడుస్తుంటే అడగలేం గదండీ."

ఆయన పిలిస్తే ఇందుజ ముందుకొచ్చింది. "ఇంగ్లీషులో చదువుతుంటే అర్థమైనట్టే ఉంటదండి. పేపరు మీద పెడితే పోతదండి. సీ సెక్షన్‌కి ఎవరూ సరిగా చెప్పరండి," అంది. ఆయన కాదనలేకపోయారు. సీ సెక్షన్‌కి ఏం చెబుతామో మా అందరికీ తెలుసు.

మాటల్లో ఉండగానే వీధిలో కేకలు వినిపించాయి. తమ్మిలేరు, బుడమేరు వాగులు పొంగి ఒకేసారి కొల్లేట్లోకి దిగాయని, రోడ్డు మీదికి నీళ్ళెక్కాయని ఎవరో చెప్పుకుంటూ పోతున్నారు. వెంటనే బయలుదేరితే వెళ్ళిపోవచ్చనుకున్నారు గానీ, ఊరి చివరికొచ్చేసరికి రోడ్డు లేదు. ఆటోవాడు తన ఆటోని బడి మెట్ల మీదికి ఎక్కించే పనిలో ఉన్నాడు. చీకటి పడకముందే ఊరు ఊరంతా రెండంతస్తుల బడి భవనం పైకి చేరింది. దాదాపు రెండు వందల మంది. కోళ్ళు, మేకలు, గ్యాస్ బండలు, బియ్యం డబ్బాలు. కింది అంతస్తు మునిగింది. చెరువు గట్లు తెగి నీరంతా ఒకటైపోయింది. ఎటు చూసినా గోధుమరంగు నీళ్ళు, వాటి మీద దుప్పటి కప్పినట్టు గుర్రపుడెక్క మొక్కలు.

ఆదివారం, సోమవారం అక్కడే గడిచాయి. ఆయన ఫోను చచ్చిపోయింది, మిగతావాళ్ళ ఫోన్లకి సిగ్నల్ లేదు. ఇంటికి కబురు చెప్పే దారి లేదు. ఎవరికీ ఏ సాయమూ చెయ్యలేక ఆయన ఒక మూల కూర్చునేవారు. అందరూ పనిలో ఉన్నారు, వంటో, పసిపిల్లల్ని ఆడించడమో, నీటిమట్టానికి గోడ మీద గీతలు పెట్టడమో. ఈయనకి ఈత రాదు, దోనె నడపడం రాదు. కనీసం అన్నం వండటం కూడా రాదు. వాళ్ళు వండిన అన్నం మాత్రం ముందు ఆయనకే పెట్టేవారు. ఆయన చేపలు తినరని లక్ష్మీదుర్గ విడిగా పప్పు వండి పెట్టింది.

వాళ్ళున్న గది ఎనిమిదో తరగతిది. గోడకి బోర్డు ఉంది, డబ్బాలో సుద్దముక్కలున్నాయి. సోమవారం పొద్దున్న ఆయన లేచి బోర్డు తుడిచి, "ఇందుజా, ఇలా రామ్మా," అన్నారు.

ఆ రోజంతా చెప్పారు. ఇంగ్లీషు పక్కనపెట్టి తెలుగులో చెప్పారు. లారీ, ఉల్లిపాయలు, రైల్లో పైకి ఎగరేసిన పెన్ను మళ్ళీ మన చేతిలోనే పడటం. బొమ్మ గీసి, వేగాన్ని రెండుగా విడదీసి, అడ్డంగా పోయేది ఒకటి, కిందికి దిగేది ఒకటి, రెండింటికీ ఒకదానితో ఒకటి పని లేదని చూపించారు. మధ్యాహ్నానికి చుట్టూ పది మంది చేరారు. ముసలివాళ్ళు కూడా విన్నారు. సాయంత్రం ఇందుజ తనంతట తానే టెస్టులో తప్పిన లెక్క బోర్డు మీద చేసింది. సరిగ్గా వచ్చింది. వెనక్కి తిరిగి, "ఇంతేనా అండీ?" అంది.

"ఇంతేనమ్మా."

"బస్సులు తిరగ్గానే మీతోపాటే వచ్చేస్తానండి."

సత్తిబాబు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. అతనికి అర్థమైంది లెక్క కాదు, కూతురి మొహం. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదని శేషగిరిరావు గారు నాతో అన్నారు.

మంగళవారానికి బియ్యం ఉన్నా తాగే నీళ్ళు అయిపోయాయి. రెండు రోజులు పడిన వాన కూడా ఆగిపోవడంతో వాననీరూ లేదు. ఇద్దరు చంటిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. పడవలు రావడానికి ప్రయత్నించి, ఇంజను రెక్కలకి గుర్రపుడెక్క చుట్టుకుని దూరంలోనే ఆగిపోవడం డాబా మీంచి కనిపించింది. పదిన్నరకి హెలికాప్టరు వచ్చింది.

మొదటిసారి బాగా కిందికి దిగింది. దాని గాలికి బడి పక్కనున్న రేకుల షెడ్డు కప్పు ఊడి, రెండు రేకులు డాబా మీదికే ఎగిరొచ్చాయి. ఆడవాళ్ళు పిల్లల్ని పొట్టలో పెట్టుకుని పడుకున్నారు. అందరూ వెళ్ళిపొమ్మని చేతులు ఊపారు. ఆ తర్వాత అది అంత కిందికి రాలేదు, ఆగనూ లేదు. నీళ్ళట్యాంకు వైపు నుంచి నిదానంగా వచ్చి, సరిగ్గా డాబా మీదికి రాగానే మూట వదిలి, ముందుకి వెళ్ళిపోయేది. మూట డాబా దాటి అవతల నీళ్ళలో పడి, గుర్రపుడెక్క కిందికి పోయేది. వదిలేవాడికి కింద డాబా కనిపిస్తోంది, డాబా మీద చేతులు చాచిన జనం కనిపిస్తున్నారు. అతనూ న్యాయంగానే వదులుతున్నాడు.

మధ్యాహ్నం రెండోసారి వచ్చినప్పుడూ ఇంతే. జనం తిట్టారు, ఏడ్చారు. శేషగిరిరావు గారు డాబా పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. తాను జీవితమంతా బోర్డు మీద గీసిన బొమ్మ ఎదురుగా కదులుతోంది. దాన్ని నడిపేవాడికి ఒక్క మాట, ముందుగా వదలమని ఒకే ఒక్క మాట చేరవెయ్యడానికి దారి లేదు. ఆయన చేతులు ఊపారు. అందరూ ఊపుతున్నారు. పైనుంచి చూసేవాడికి ఆ చేయి వేరుగా ఎలా తెలుస్తుంది?

"గుర్తు పెడదాం. ముందే వదలాలని వాళ్ళకి తెలిసేలా ఒక ఎర్ర చీర కడదాం," అన్నారాయన.

"ఎక్కడ కట్టాలండి?" అన్నాడు సత్తిబాబు.

ఆయన ట్యాంకు వైపు చూపించారు. కట్టవలసిన చోట నీళ్ళు తప్ప చెట్టు లేదు, గుంజ లేదు.

బుధవారం పొద్దున్న ఇంకోసారి వచ్చింది. ఈసారి ఇందుజ దగ్గర ఇంకా చార్జింగ్ మిగిలిన ఎవరిదో ఫోను ఉంది, అందులో స్టాప్‌వాచ్ ఉంది. మాస్టారు చెప్పినట్టు ట్యాంకు దగ్గర నొక్కి, డాబా దగ్గర ఆపింది. ఎనిమిది సెకన్లు. ట్యాంకుకీ బడికీ మధ్య నూట ఇరవై మీటర్లని, పైపులైను వేసినప్పుడు కొలిచామని ఊరివాళ్ళు చెప్పారు. మూట చెయ్యి వదిలిన దగ్గర్నుంచి నీళ్ళలో పడేవరకు మూడు సెకన్లు. ఇందుజ ఎవరూ అడక్కుండానే, సుద్దముక్కతో పిట్టగోడ మీదే లెక్క చేసింది. సెకనుకి పదిహేను మీటర్లు. మూడు సెకన్లకి నలభై అయిదు.

"నలభై అయిదు మీటర్లు ముందుకండి. అంటే అక్కడ," అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూపించిన చోట మునిగిన మోటారు షెడ్డు కప్పు కొద్దిగా బయటికి కనిపిస్తోంది. కాసేపటి క్రితం మూట పడిందీ దాని పక్కనే.

"కరెక్ట్ అమ్మా," అన్నారాయన. ఆయన గొంతులో గర్వం ఉందని ఇందుజ నాతో చెప్పింది.

సత్తిబాబు ఆ షెడ్డు వైపు చూశాడు. "అయితే మాస్టారూ, ఆళ్ళు ఎప్పుడొచ్చినా మూట అక్కడే పడతదా అండీ?"

"అటువైపు నుంచి, అదే ఎత్తులో, అదే వేగంతో వస్తే అక్కడే."

"అయితే మనమే అక్కడుంటే సరిపోద్ది గదండీ. నీళ్ళలో మునిగేలోపు దోనెలోకి లాగేయొచ్చు."

అందరికీ ఆ ఉపాయం నచ్చింది. ఆయనకీ నచ్చింది. దోనె సిద్ధం చేశారు. సత్తిబాబు గుర్రపుడెక్కని గెడతో తోసుకుంటూ షెడ్డు దగ్గరికి చేరి, డాబా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "ఇక్కడేనా అండీ?" అని అరిచాడు.

"ఇంకొంచెం కుడికి నాన్నా," అంది ఇందుజ.

అతను కుడికి జరిగాడు. పన్నెండింటికి హెలికాప్టరు వచ్చింది. ట్యాంకు వైపు నుంచే, అదే ఎత్తులో, అదే వేగంతో. డాబా మీదికి రాగానే పైనున్నవాడు మూట వదిలాడు. అది నీళ్ళ ప్యాకెట్ల మూట. పది కిలోలకి తక్కువ ఉండదు.

శేషగిరిరావు గారు ఆ మూడు సెకన్ల గురించి ఒక్కసారే చెప్పారు. మూట వదలగానే ఆయనకి రెండో ప్రశ్న గుర్తొచ్చింది. ఎంత వేగంతో తాకుతుంది? ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసే ప్రశ్న. గాలి ఎంత ఆపినా, హైవే మీద లారీ వచ్చే వేగం. జవాబు మనసులో తయారయ్యేసరికి ఒక సెకను పోయింది. "సత్తిబాబూ, తప్పుకో" అని ఆయన అరిచారు. చుట్టూ ఇంజను రొద. సత్తిబాబు తల పైకెత్తి, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. వరికుప్ప మీంచి విసిరిన మోపుని అందుకునేవాడు నిలబడినట్టు నిలబడ్డాడు.

మూట అతని కుడి భుజం మీద పడింది. దోనె తిరగబడింది. గుర్రపుడెక్క మీద ఒక క్షణం అతని ఎర్ర తువ్వాలు కనిపించి, తర్వాత అదీ కనిపించలేదు. సాల్మన్ అని మేత పనిలో అతని జతగాడు ఒకడు, డాబా మీంచే నీళ్ళలోకి దూకాడు. వెనక మరో ఇద్దరు దూకారు. ఈదడానికి దారివ్వని ఆ మొక్కల మధ్య నుంచి అతన్ని బయటికి లాగడానికి చాలాసేపు పట్టింది. ప్రాణం ఉంది. భుజం నుంచి చెయ్యి, వేరేవాళ్ళ చెయ్యిలా వేలాడుతోంది.

ఆ రోజు మిగిలిన పగలంతా, రాత్రంతా సత్తిబాబు ఎనిమిదో తరగతి గదిలో బెంచీల మీద పడుకుని ఉన్నాడు. లక్ష్మీదుర్గ చెయ్యి కదలకుండా చీరతో కట్టింది. ఇందుజ గోడకి ఆనుకుని కూర్చుంది, ఏడవలేదు. శేషగిరిరావు గారు ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోలేక లేచి వెళ్ళిపోయారు. బోర్డు మీద సోమవారం లెక్క ఇంకా అలాగే ఉంది. ఎవరూ తుడవలేదు.

గురువారం మధ్యాహ్నం గుర్రపుడెక్క కొట్టుకుంటూ పడవలు వచ్చాయి. సత్తిబాబుని ఏలూరు ఆసుపత్రికి చేర్చేసరికి సాయంత్రమైంది. ఎముక అతుకుతుందని, భుజం దగ్గర నరాలు తెగాయని, చెయ్యి లేవడం గురించి ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. తర్వాత పెద్దాసుపత్రికి పంపారు. అక్కడా అదే మాట చెప్పారు.

జగదాంబ గారు ఆ అయిదు రోజులూ అన్నం ముట్టలేదట. ఇంటికొచ్చిన భర్తని చూసి ఆవిడ సంతోషపడబోతే, ఆయన చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుని, "నేనొక మనిషిని సరిగ్గా దాని కింద నిలబెట్టానే," అన్నారట. ఆవిడకి మొదట అర్థం కాలేదు.

నెల రోజులు ఆయన కాలేజీ అవగానే ఆసుపత్రికి వెళ్ళేవారు. బత్తాయిలు తీసుకెళ్ళేవారు. మంచం పక్కన కూర్చునేవారు. ఒకరోజు గుండె రాయి చేసుకుని, "సత్తిబాబు గారూ, నన్ను క్షమించండి. పక్కకి నిలబడమని చెప్పాల్సింది. పడ్డాక వెళ్ళమని చెప్పాల్సింది. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు," అన్నారు.

సత్తిబాబు కంగారుపడ్డాడు. "అయ్యో, మీరలా అనకండి మాస్టారూ. మీ లెక్కలో తప్పేం లేదండి. చెప్పిన చోటే పడింది గదండీ. అరగజం కూడా తేడా రాలేదు," అన్నాడు. ఆయన్ని ఓదార్చడానికే అన్నాడు. వార్డులో పక్క మంచాలవాళ్ళకి కూడా చెప్పాడు, ఈ మాస్టారు హెలికాప్టరు మూట ఎక్కడ పడుతుందో కింద నుంచే చెప్పేశారని.

తిట్టి ఉంటే బాగుండేదని శేషగిరిరావు గారు నాతో అన్నారు. "ఒక్కసారి తిడితే నేను ఇంటికెళ్ళి నిద్రపోయేవాణ్ణండీ."

ఇందుజ కోసం ఆయన ప్రిన్సిపాల్ గదికి నాలుగుసార్లు వెళ్ళారు. ఆ పిల్లని ఏ సెక్షన్లోనే ఉంచమని, హాజరు చూసీచూడనట్టు పొమ్మని అడిగారు. ప్రిన్సిపాల్ అంతా విన్నాడు. "మీరు కాలేజీ పని మీదే వెళ్ళారు కాబట్టి, ఈ విషయం ఎక్కడా మాట్లాడకపోతే మంచిదండి. పేపరువాళ్ళకి తెలిస్తే అడ్మిషన్ల మీద పడుద్ది," అన్నాడు. సెక్షన్ సంగతి చూస్తానన్నాడు. చూశాడు కూడా. నోటీసు బోర్డులో ఇందుజ పేరు మళ్ళీ ఏ సెక్షన్లోకి వచ్చింది. రావాల్సిన పిల్లే రాలేదు.

తండ్రి చేసే పని ఇప్పుడు ఆ పిల్ల చేస్తోంది. పొద్దున్నా మధ్యాహ్నమూ దోనె మీద మేత బస్తాలు వేసుకుని చెరువులో తిరుగుతోంది. సాల్మన్ నేర్పాడట. శేషగిరిరావు గారు ఫోను చేసి, రాత్రిపూట గంట పాఠం చెబుతాను, ప్రైవేటుగా పరీక్ష రాద్దువు గాని అన్నారు. వారం రోజులు చెప్పారు. ఆమె ఊ కొట్టేది. ఎనిమిదో రోజు, "సార్, మీరు శ్రమపడకండి," అంది.

"శ్రమ కాదమ్మా. నీకు లెక్కలు వచ్చు. ఆ రోజు ఎవరి సాయం లేకుండా చేశావు."

"కొంచెం కుడికి అన్నది నేనండి," అంది.

పదహారేళ్ళ పిల్లకి చెప్పవలసిన మాట ఏదో ఉంటుంది, ఇంత వయసొచ్చినవాడికి అది తెలిసి ఉండాలి. తెలియలేదు. పెట్టేస్తానండీ అని ఆమే పెట్టేసింది.

మరుసటి ఏడాది జూలైలో ఆ పాఠం మళ్ళీ వచ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను. ఆయన వారం తీసుకునే పాఠాన్ని ఒక గంటలో ముగించారు. విమానం లెక్క తానే బోర్డు మీద చేసి, పిల్లల్ని రాసుకోమన్నారు. ఒక పిల్లవాడు లేచి, గాలి నిరోధం ఎందుకు వదిలేయాలి సార్ అని అడిగాడు. "పరీక్షలో వదిలేయమంటారు నాన్నా," అని కూర్చోబెట్టారు. సిలబస్ మార్పించలేరు, వేరే పాఠం అడగలేరు. రిటైర్మెంట్‌కి ఇంకా అయిదేళ్ళుంది.

ఆ ఆగస్టులో ఇందుజ టీసీ, సర్టిఫికెట్ల కోసం కబురు పెట్టింది. ఏదో ఆక్వా కంపెనీలో ప్యాకింగ్ పనికి పదో తరగతి సర్టిఫికెట్ కావాలట. అది మా ఆఫీసులోనే ఉండిపోయింది. పోస్టులో పంపించవచ్చు. ఆయన తానే తీసుకెళ్తానన్నారు. నన్ను కూడా రమ్మన్నారు, ఒక్కరే వెళ్ళలేక. అలా నేను తాటివాకలంక చూశాను.

ఇందుజ మాకు ఎదురొచ్చింది. ఎండకి నల్లబడింది. అరచేతులు కాయలు కాశాయి. సర్టిఫికెట్లు అందుకుని, ఒక్కొక్కటీ చూసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టెలో దాచింది. టీసీలో కాలేజీ మానడానికి కారణం అన్న గడి దగ్గర మా క్లర్కు "స్వంత కారణాలు" అని రాశాడు. ఆమె అది చదివింది. భోజనం చెయ్యందే వెళ్ళనివ్వలేదు. మూడింటికి మేత వేళైందని చెప్పి వెళ్ళిపోయింది. వెళ్తూ నాతో మాత్రం, "సార్‌ని జాగ్రత్తగా తీసుకెళ్ళండి మేడం," అంది.

సత్తిబాబు మమ్మల్ని సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చాడు. కుడి చెయ్యి చొక్కా జేబులో పెట్టుకుని నడుస్తున్నాడు. అది తనంతట తాను ఆ జేబులోకి కూడా వెళ్ళదని, ఎడమ చేత్తో ఎత్తి పెట్టుకోవాలని తర్వాత గమనించాను. పడమటి ఆకాశం మబ్బు పట్టి ఉంది.

"మాస్టారూ, పైన వానలు గట్టిగానే ఉన్నాయంటున్నారండి," అన్నాడు. "ఈ ఏడు కూడా నీళ్ళొస్తే హెలికాప్టరు వస్తది గదండీ. మమ్మల్ని ఎక్కడుండమంటారు?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. ఆ ఊరికి అది చెప్పగలిగిన మనిషి ఈయనేనని అతని నమ్మకం. శేషగిరిరావు గారు రోడ్డు మీద ఆగిపోయారు.

"డాబా మీదే ఉండండి. మూట పడ్డాక వెళ్ళండి."

"పడ్డాక వెళ్తే మునిగిపోద్ది గదండీ."

"మునిగితే మునగనివ్వండి."

సత్తిబాబు తల ఊపాడు. ఒప్పుకున్నట్టు లేదు. మళ్ళీ చంటిపిల్లలు నీళ్ళకి ఏడిస్తే ఎవరో ఒకరు దోనె కట్టు విప్పుతారని నాకూ తెలుస్తూనే ఉంది. షేర్ ఆటో వచ్చింది. ఇద్దరికే చోటుంది, సర్దుకుని కూర్చున్నాం. ఏలూరులో దిగాం. స్టేషన్లో గూడెం ప్యాసింజరు గంట ఆలస్యమని బోర్డు మీద ఉంది. ఆయన బెంచీ మీద కూర్చుని, పొద్దుపోతోందని నన్ను ఇంటికి వెళ్ళమన్నారు. కాసేపు ఉండి వెళ్ళాను.